ఉత్తర దిక్కు: చదువు ముగిశాక స్నేహితులు



ఈ పాఠం ముఖ్యంగా చదువు ముగించుకుని ఊరు వదిలిన మన యువతీ యువకుల కోసం. వాళ్ల అమ్మానాన్నలు కూడా చదివితే మంచిది. విషయం స్నేహం. హాస్టల్లో ఒకే గదిలో పడుకుని, ఒక్క పుస్తకాన్ని నలుగురు పంచుకుని, నెలాఖరున ఉన్న డబ్బులు కలిపి టిఫిన్ చేసినవాళ్లు పరీక్షలు కాగానే తలో దిక్కుకు పోతారు. ఒకరికి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒకరు గ్రూప్స్ కోచింగ్ అని హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఇరుకు గదిలో. ఒకరు దుబాయ్‌లో. ఒకరు మళ్లీ ఊళ్లోనే, నాన్నతో పాటు కౌలు పొలంలో. ఒక అమ్మాయికి పెళ్లయింది, ఆమె ఫోన్ నంబరే మారిపోయింది. మూడేళ్లు తిరిగేసరికి మిగిలేది ఒక వాట్సాప్ గ్రూపు. అందులో ఏప్రిల్ 14న నీలం జెండా బొమ్మ, పుట్టినరోజులకు కేకు బొమ్మ.

ఇది లోకంలో జరిగేదే కదా, దీనికి ధమ్మంతో ఏం పని అని మీరు అడగొచ్చు. పని ఉంది. స్నేహాన్ని నిలబెట్టుకోవడం ధమ్మంలో సరదా విషయం కాదు, ఆచరణలో భాగం. ఆ ఆచరణకు అసలు పరీక్ష అందరూ ఒకే గదిలో ఉన్నప్పుడు రాదు. ఒకరు పైకి వెళ్లి ఒకరు కింద ఉండిపోయినప్పుడు వస్తుంది.

సగం కాదు, మొత్తం

సంయుత్త నికాయంలో ఒక సంభాషణ ఉంది. ఆనందుడు బుద్ధుడి దగ్గరికొచ్చి, మంచి స్నేహితులు ఉండటమంటే ఈ ధమ్మజీవితంలో సగం ఉన్నట్టే అన్నాడు. చాలా గొప్పగా చెప్పానని అనుకున్నాడు. బుద్ధుడు ఆ మాట సరిదిద్దాడు. సగం కాదు ఆనందా, మొత్తం అదే అన్నాడు. కళ్యాణమిత్రుడు ఉన్నవాడు అష్టాంగ మార్గంలో నడుస్తాడని దానికి కారణం కూడా చెప్పాడు.

ఇది భిక్షువులకు చెప్పింది, మనకు కాదు అనుకోకండి. కోలియుల పట్టణంలో దీఘజాణు అనే గృహస్థుడు బుద్ధుణ్ని ఇలా అడిగాడు: మేము సంసారులం, పిల్లాపాపలతో బతికేవాళ్లం, మాకు పనికొచ్చేది చెప్పండి. బుద్ధుడు నాలుగు చెప్పాడు. కష్టపడి పనిచేయడం, సంపాదించింది కాపాడుకోవడం, మంచివాళ్లతో స్నేహం, ఆదాయానికి తగిన ఖర్చు. చూడండి, ఉద్యోగం, పొదుపు, ఖర్చుతో పాటు స్నేహాన్ని కూడా ఆయన ఇంటి అవసరాల లెక్కలోనే వేశాడు.

ఆరు దిక్కుల్లో ఒకటి

సిగాలుడి కథ మన విహారాల్లో చాలామంది విన్నారు. రాజగృహంలో ఒక యువకుడు తెల్లవారుజామునే తడిబట్టలతో ఆరు దిక్కులకు దణ్ణం పెడుతున్నాడు. ఎందుకని అడిగితే, నాన్న చనిపోతూ చెప్పాడు అన్నాడు. దిక్కులకు మొక్కడం ఇలా కాదని బుద్ధుడు చెప్పాడు. తూర్పు అంటే తల్లిదండ్రులు. దక్షిణం గురువులు. పడమర భార్యాబిడ్డలు. కింద దిక్కు పనివాళ్లు. పై దిక్కు శ్రమణులు. ఉత్తర దిక్కు స్నేహితులు.

మొక్కాల్సిన ఖాళీ ఆకాశం తీసేసి, ఆ చోట మనుషులను పెట్టాడు తథాగతుడు. 22 ప్రతిజ్ఞలు తీసుకున్న మనకు ఇందులో ఉన్న విలువ వెంటనే అర్థమవుతుంది. మొక్కు పోయింది, ఆ స్థానంలో బాధ్యత వచ్చింది.

ఉత్తర దిక్కుకు మనం చేయాల్సినవి అయిదు. ఇవ్వడం. మంచిగా మాట్లాడటం. వాళ్లకు మేలు జరిగే పని చేయడం. సమానంగా చూడటం. మాట తప్పకపోవడం. స్నేహితులు మనకు తిరిగి చేసేవి కూడా అయిదు చెప్పాడు. మనం ఏమరుపాటులో ఉంటే కాపాడతారు. ఆ సమయంలో మన ఆస్తిని కూడా కాపాడతారు. భయంలో ఆసరా అవుతారు. కష్టంలో వదిలిపోరు. మన పిల్లలను కూడా ఆదరిస్తారు.

అదే సుత్తలో స్నేహితుల్లా కనిపించే నలుగురి గురించి హెచ్చరిక ఉంది. తీసుకోవడానికే వచ్చేవాడు, మాటల వరకే ఉండేవాడు, ముఖస్తుతి చేసేవాడు, చెడిపోవడానికి తోడొచ్చేవాడు. మొదటివాణ్ని ఇప్పుడు గుర్తుపట్టడం సులువు. అయిదేళ్లు పలకరింపు లేకుండా, ఉన్నట్టుండి ఫోన్ చేసి, మన హాస్టల్ రోజులు గుర్తున్నాయా అని మొదలుపెట్టి, చివరికి చైన్ బిజినెస్‌లో చేరమంటాడు. రెండోవాడు పాత రోజుల గురించి బాగా మాట్లాడతాడు, రాబోయే రోజుల గురించి ఇంకా బాగా మాట్లాడతాడు. ఈరోజు పని పడితే మాత్రం ఆయనకు ఏదో ఇబ్బంది ఉంటుంది. మన గ్రూపుల్లో ఎక్కువమందిమి ఈ రెండో రకానికి దగ్గరగా జారిపోతున్నాం. జాగ్రత్తపడాల్సింది ఇక్కడే.

తక్కసిలలో చదివిన ముగ్గురు

కలిసి చదువుకుని విడిపోయిన స్నేహితుల కథ ధమ్మపద అట్ఠకథలో ఒకటుంది. కోసల రాజకుమారుడు పసేనది, వేసాలి లిచ్ఛవి మహాలి, కుసినార మల్లుడు బంధులుడు, ఈ ముగ్గురూ తక్కసిలలో సహాధ్యాయులు. చదువయ్యాక ఎవరి ఊరికి వాళ్లు వెళ్లారు. పసేనది రాజయ్యాడు. మహాలి తన విద్యలు ప్రదర్శించే శ్రమలో చూపు పోగొట్టుకున్నాడు, అయినా లిచ్ఛవి కుమారులకు చదువు చెబుతూ బతికాడు. బంధులుడికి సొంత ఊళ్లో తనవాళ్లే మోసం చేశారు. మనసు విరిగి సావత్థికి పోయి పాత స్నేహితుడి దగ్గర సేనాపతిగా చేరాడు.

చూపులేని మహాలి గురించి ఆ కథలో ఒక ముచ్చట ఉంది. వేసాలి ద్వారం దగ్గర ఒకరోజు రథం చప్పుడు వినబడింది. అది బంధులుడి రథమని చప్పుడును బట్టే చెప్పేశాడు. తక్కసిల వదిలి ఎన్నేళ్లయినా స్నేహితుడి జాడ చెవికి గుర్తుంది.

పసేనది దగ్గర జరిగింది వేరు. బంధులుడు న్యాయంగా తీర్పులు చెప్పడంతో లంచగొండి న్యాయాధికారులకు కడుపు మండింది. బంధులుడు నీ సింహాసనం మీద కన్నేశాడు అని రాజుకు చెప్పారు. రాజు నమ్మాడు. ఒక్కసారి పిలిచి, ఇలా విన్నాను, నిజమేనా అని అడగలేదు. సరిహద్దులో తిరుగుబాటు అని అబద్ధం చెప్పి పంపించి, తిరుగుదారిలో బంధులుణ్ని, ఆయన కొడుకులను చంపించాడు. తర్వాత నిజం తెలిసి కుమిలిపోయాడు. చివరికి బంధులుడి మేనల్లుడే రాజచిహ్నాలను పసేనది కొడుకు విడూడభుడి చేతికిచ్చాడు. రాజ్యం పోయింది.

ఒక విషయం గమనించండి. ఆనందుడికి చెప్పిన ఆ కళ్యాణమిత్రత గురించిన మాటను బుద్ధుడు స్వయంగా పసేనదికి కూడా చెప్పాడని సంయుత్త నికాయం అంటుంది. అంటే విన్నంత మాత్రాన సరిపోదు. దూరం పెరిగాక స్నేహాన్ని చంపేది ఎక్కువగా పగ కాదు. మూడో మనిషి మోసుకొచ్చిన మాట, దాన్ని అడిగి తెలుసుకోకపోవడం. వాడికి ఉద్యోగం వచ్చాక మనల్ని మర్చిపోయాడంట, ఆమె అత్తగారింట్లో మన పేరు కూడా ఎత్తదంట అని ఎవరో అంటారు. ఆ అంట దగ్గరే ఆగిపోతాం. అడగండి. ఒక్క ఫోన్ చాలు.

ముందు దొరికినవాడు రెండోవాడికి చెప్పాలి

దీనికి భిన్నమైన స్నేహం ఉపతిస్సుడు, కోలితుడిది. పక్కపక్క ఊళ్ల పిల్లలు. ఇద్దరూ కలిసి ఇల్లు వదిలి సంజయుడి దగ్గర చేరారు. అక్కడ తృప్తి కలగలేదు. అప్పుడు ఒక ఒప్పందం చేసుకున్నారు. ఎవరికి ముందు దారి దొరికితే వాళ్లు రెండోవాళ్లకు చెప్పాలి.

రాజగృహం వీధిలో భిక్షకు వెళుతున్న అస్సజి నడక చూసి ఉపతిస్సుడు వెంట వెళ్లాడు. ఆయన చెప్పిన నాలుగు మాటలకే కళ్లు తెరుచుకున్నాయి. అప్పుడాయన ఏం చేశాడు? నాకు దొరికింది చాలు అని నేరుగా బుద్ధుడి దగ్గరికి పోలేదు. ముందు కోలితుడి దగ్గరికి పోయాడు. ముఖం చూడగానే కోలితుడికి అర్థమైంది. ఇద్దరూ కలిసే బుద్ధుణ్ని చేరారు. వాళ్లే సారిపుత్తుడు, మొగ్గల్లానుడు.

మన పిల్లలకు ఈ ఒప్పందం చాలా అవసరం. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్లకు దారి చూపించే పెదనాన్నలు, బాబాయిలు ఆఫీసుల్లో ఉండరు. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది, స్కాలర్‌షిప్‌కు ఏ కాగితం కావాలి, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, పెద్ద నగరంలో ఏ పేటలో పేరు చివర చూడకుండా గది ఇస్తారు, ఇవన్నీ మనకు ఎవరో ముందు వెళ్లినవాళ్లు చెబితేనే తెలుస్తాయి. ముందు వెళ్లినవాళ్లు అంటే మన హాస్టల్ వాళ్లే. దొరికిన దారిని దాచుకోవడం ఆ ఒప్పందాన్ని తెంచుకోవడమే.

బాబాసాహెబ్ చూసిన రెండు రకాల స్నేహం

బాబాసాహెబ్ 1913లో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ హాస్టల్ గదిలో ఆయనకు తోడు నవల్ భథేనా అనే పార్సీ యువకుడు. ఆ గదిలో మొదలైన స్నేహం జీవితాంతం సాగింది.

1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయి బాబాసాహెబ్ లండన్ చదువు మధ్యలో వదిలి వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. అక్కడ ఉండటానికి గది దొరకలేదు. పార్సీ సత్రంలో తలదాచుకుంటే, కులం తెలిసి కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. అప్పుడు ఊళ్లో తనకున్న ఇద్దరు స్నేహితులను ఆసరా అడిగారు. ఒకరు హిందువు. ఆయన చాలా బాధపడ్డాడు, కోపం కూడా తెచ్చుకున్నాడు, కానీ మీరొస్తే మా ఇంట్లో పనివాళ్లు వెళ్లిపోతారు అన్నాడు. ఇంకొకరు క్రైస్తవుడు. భార్య రేపు వస్తోంది, ఆమెను అడగాలి అన్నాడు. ఆ సాయంత్రం బాబాసాహెబ్ కామాఠీ బాగ్ తోటలో గంటల తరబడి కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వచ్చేశారు. ఇదంతా ఆయనే రాసిపెట్టారు. వాళ్లిద్దరూ చెడ్డవాళ్లని ఆయన రాయలేదు. సానుభూతి ఉంది, గుమ్మం మాత్రం తెరుచుకోలేదు.

మూడేళ్ల తర్వాత, 1920లో ఆగిన చదువు పూర్తిచేయడానికి మళ్లీ లండన్ బయల్దేరారు. తాను కూడబెట్టుకున్నది కొంత, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం కొంత. ఇంకా చాలలేదు. నవల్ భథేనా 5,000 రూపాయలు అప్పు ఇచ్చారు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. ఆ ప్రయాణంతోనే డీఎస్సీ, బారిస్టర్ పట్టా వచ్చాయి.

కర్రలు పట్టుకుని వచ్చినవాళ్లూ పార్సీలే, అప్పు ఇచ్చిన స్నేహితుడూ పార్సీయే. కాబట్టి మనిషిని జాతిని బట్టి కాదు, చేతను బట్టి చూడాలి. స్నేహం మన అవసరం తలుపు తట్టినప్పుడు ఏం చేసిందన్నదే లెక్క.

సమానంగా చూడటం ఎందుకు కష్టం

అయిదింటిలో కష్టమైనది సమానత్తత. పాళీలో ఈ మాటకు అర్థం ఎదుటివాణ్ని తనతో సమానంగా ఉంచుకోవడం, సుఖదుఃఖాల్లో ఒకటిగా ఉండటం. హాస్టల్లో ఇది కష్టం కాదు. అందరిదీ అదే పప్పు, అదే చాప. ఉద్యోగం వచ్చాకే కష్టం.

పైకి వెళ్లినవాడికి తెలియకుండానే గొంతు మారుతుంది. సలహాలు పెరుగుతాయి. కింద ఉండిపోయినవాడు నాలుగోసారి ప్రిలిమ్స్ పోయాక గ్రూపులో మాట్లాడటం మానేస్తాడు. కారు ఫొటోకి చేతులు జోడించిన బొమ్మ పెట్టి, ఫోన్ పక్కన పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంటాడు. కొన్నాళ్లకు గ్రూపులోంచి వెళ్లిపోతాడు. మిగతావాళ్లు ఏమైందిరా అని ఒకరోజు అడిగి ఊరుకుంటారు. చాలా స్నేహాలు ఇలా చప్పుడు లేకుండా తెగుతాయి.

మనకు ఇంకో బరువు కూడా ఉంది. కొత్త ఊళ్లో, కొత్త ఆఫీసులో ఇంటిపేరు దాచుకుని, క్యాంటీన్‌లో రిజర్వేషన్ల మీద జోకులు విని నవ్వినట్టు నటించి, గదికొచ్చేవాళ్లు మనలో ఉన్నారు. ఆ మాట ఇంట్లో చెబితే అమ్మానాన్న బెంగపడతారు. ఆఫీసులో చెప్పలేరు. విప్పి చెప్పుకోగలిగేది పాత హాస్టల్ స్నేహితుడికే. ఆ ఒక్క గొంతు కూడా దూరమైతే, లోపల ఉన్నది లోపలే కుళ్లుతుంది.

కులం చేసే పని మనుషులను మెట్ల మీద నిలబెట్టడం. పై మెట్టు వాడు కింద మెట్టు వాడితో కలవకపోవడం. మనం కులాన్ని వదిలి ధమ్మంలోకి వచ్చాం. జీతాన్ని బట్టి, పోస్టును బట్టి మనలో మనం కొత్త మెట్లు కట్టుకుంటే, వదిలిందేమిటి? సోదరభావం లేని స్వేచ్ఛా సమానత్వాలు పైపూతగానే మిగులుతాయని బాబాసాహెబ్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ఆ సోదరభావానికి ధమ్మంలో ఉన్న పేరు మైత్రి. కరుణ కన్నా మైత్రి విశాలమని ఆయన బుద్ధుడు-ధమ్మంలో వివరించారు. స్నేహితుడి మీద జాలిపడటం సులువు. జాలిలో కూడా నేను పైన, నువ్వు కింద అనే భావం మిగలొచ్చు. మైత్రిలో అది ఉండదు.

మన నేల మీద రాసిన ఉత్తరం

దూరంగా ఉన్న స్నేహితుడికి ఏం రాయాలి? దీనికి మన దక్షిణాపథంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. ఆచార్య నాగార్జునుడు తన మిత్రుడైన శాతవాహన రాజుకు ఒక ఉత్తరం రాశాడు. పేరు సుహృల్లేఖ, అంటే స్నేహితుడికి లేఖ. సంస్కృత మూలం దొరకలేదు, టిబెట్, చైనా భాషల్లో నిలిచింది. 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్ దాన్ని తన భాషలోకి మార్చాడు. చదువు మొదలుపెట్టిన పిల్లలు దాన్ని కంఠస్థం చేసేవాళ్లని కూడా రాశాడు.

ఆ ఉత్తరంలో రాజు గొప్పతనాన్ని పొగుడుతూ కూర్చోలేదు. దానం, శీలం గురించి గుర్తుచేశాడు. లాభం నష్టం, సుఖం దుఃఖం, పొగడ్త నింద, కీర్తి అపకీర్తి వీటికి ఊగిపోవద్దన్నాడు. కులం, అందం, చదువు, వయసు, అధికారం వల్ల వచ్చే మదాన్ని శత్రువుగా చూడమన్నాడు. రాజుతో ఈ మాట అనాలంటే స్నేహితుడే కావాలి. మీరు పైకి వెళితే మీ మదాన్ని మీకు చూపించే స్నేహితుణ్ని వదులుకోకండి. వాడు ఊళ్లో కౌలు రైతు అయినా సరే.

అమరావతి స్తూపం దగ్గర దొరికిన దాన శాసనాలు కూడా చూడండి. చాలా వాటిలో దాత తన పేరు ఒక్కటే చెక్కించుకోలేదు, జ్ఞాతులతో, మిత్రులతో, బంధువులతో కలిసి ఇచ్చాం అని రాయించాడు. పుణ్యకార్యంలో స్నేహితులకు చోటివ్వడం మన కృష్ణా తీరంలో రెండువేల ఏళ్ల నాటి అలవాటు.

ఆచరణ

ఈ పూర్ణిమ నుంచి వచ్చే పూర్ణిమ వరకు ఇవి చేసి చూడండి.

1. మీ బ్యాచ్‌లో మాట్లాడటం మానేసినవాళ్ల పేర్లు కాగితం మీద రాయండి. బాగా మాట్లాడేవాళ్లకు కాదు, ముందు వీళ్లకు ఫోన్ చేయండి. ఉద్యోగం వచ్చిందా అని మొదలుపెట్టకండి. తిన్నావా, అమ్మ ఎలా ఉంది, ఊళ్లో వానలు పడ్డాయా అని అడగండి. మీరు తక్కువ చెప్పి ఎక్కువ వినండి.

2. పెళ్లయి నంబరు మారిన స్నేహితురాళ్ల జాడ ఆడపిల్లలే తీయండి. వాళ్ల పుట్టింటివాళ్లను అడిగితే తెలుస్తుంది. ఆమెకు ఇబ్బంది రాని సమయం అడిగి మాట్లాడండి. మగపిల్లలు మధ్యలో దూరి ఆమెకు కష్టం తేవద్దు.

3. డబ్బు సాయం అడిగితే సూటిగా మాట్లాడండి. ఇవ్వగలిగినంత ఇవ్వండి, లేకపోతే లేదని మంచిగా చెప్పండి. దానమా, అప్పా అన్నది అప్పుడే తేల్చుకోండి. అప్పయితే ఎప్పుడు తిరిగివ్వాలో రాసుకోండి. తీసుకున్నవాళ్లు మాట తప్పకండి. ఎవరికి ఎంత ఇచ్చామన్నది గ్రూపులో చెప్పకండి. ఇచ్చిన చెయ్యి రెండోసారి ఎత్తి చూపిస్తే అది దానం కాదు.

4. ఒకరి గురించి ఒకరు చెప్పిన మాట వింటే, ఆ మనిషినే అడిగేవరకు ఇంకొకరికి చెప్పకండి. చాడీలు చెప్పడం సమ్మావాచకు విరుద్ధం.

5. ఎవరైనా బతకాలని లేదు అన్నట్టు మాట్లాడితే, దాన్ని తమాషాగా తీసుకోకండి, ఉపన్యాసం ఇవ్వకండి. ఫోన్ పెట్టకుండా మాట్లాడుతూ, దగ్గర్లో ఉన్న ఇంకో స్నేహితుణ్ని అతని గదికి పంపండి. వీలైతే మీరే వెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు ఖర్చు కాదు. ఈ నంబరు అందరి ఫోన్లలో ఉండాలి.

6. ఏడాదికి ఒకసారి కలవండి. ఏప్రిల్ 14, వైశాఖ పూర్ణిమ, అక్టోబర్ 14, వీటిలో ఏదైనా ఒకటి ఖాయం చేసుకోండి. హోటల్లో వద్దు, రాలేనివాడు మొహమాటపడతాడు. మీరు చదివిన హాస్టల్లోనే కలవండి. త్రిశరణం, పంచశీల చెప్పుకుని, ఇప్పుడక్కడ చదువుతున్న పిల్లలతో కూర్చుని తినండి. వాళ్లకు ముందు దారి చూసినవాళ్లు మీరే. దారి ఖర్చు లేనివాడికి టికెట్ మిగతావాళ్లు ముందే పంపండి. ఎవరు పంపారో తెలియాల్సిన పనిలేదు.

చర్చకు ప్రశ్నలు

ఉత్తర దిక్కుకు చేయాల్సిన అయిదింటిలో మీరు సులువుగా చేసేది ఏది, తప్పించుకునేది ఏది?

పసేనది బంధులుణ్ని ఒక్క మాట అడిగి ఉంటే ఏం జరిగేది? మీరు అడగకుండా వదిలేసిన మాట ఏదైనా ఉందా?

బరోడా స్నేహితులకు, భథేనాకు తేడా ఎక్కడుంది? సానుభూతి ఎక్కడ ఆగింది?

ఈ నెల ఎవరికి ఫోన్ చేయాలో ఇప్పుడే ఒక పేరు అనుకోండి. పాఠం మడిచి పెట్టేముందు ఆ నంబరు ఫోన్‌లో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఎవరి దగ్గర దొరుకుతుందో వాళ్లను అడగడంతో మీ ఆచరణ మొదలవుతుంది.

నమో బుద్ధాయ. జై భీమ్.